బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకు: కొత్త డిస్కులు వేసినా మళ్ళీ మొదటికే వచ్చింది

పాతబండి_పిచ్చోడు
పదిహేనేళ్లు దాటిన హ్యాచ్‌బ్యాక్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. 80 పైన వెళ్తూ బ్రేక్ మీద మెల్లగా కాలు వేస్తే చాలు, స్టీరింగ్ గడగడా వణుకుతుంది. 50కి దిగేసరికి సద్దుమణుగుతుంది. విచిత్రం ఏమిటంటే గట్టిగా తొక్కితే అంతగా తెలియదు, నెమ్మదిగా వేసినప్పుడే ఎక్కువ. బ్రేక్ జోలికి పోకపోతే 100లో కూడా బండి నున్నగా వెళ్తుంది. కిందటేడు ఇదే గోల ఉంటే మెకానిక్ "డిస్కులు వంకరపోయాయి సార్" అని రెండూ మార్చాడు, ప్యాడ్లు కూడా కొత్తవే వేశాడు. కొన్ని నెలలు హాయిగా ఉంది. తర్వాత కొద్దికొద్దిగా మళ్ళీ మొదలై ఇప్పుడు పాతంత వణుకూ వచ్చేసింది. మళ్ళీ డిస్కులే మార్చాలంటున్నాడు. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ రెండూ చేయించా, వెంట్రుకవాసి తేడా లేదు. ఇలా ఏటా డిస్కులు మారుస్తూ పోవడమేనా, ఇంకేదన్నా చూడాలా? గట్టిగా అడిగితే "పాత బండి కదా సార్" అంటాడు. అదేం జవాబో.

టాపుగేరు
నాసిరకం డిస్కులు వేసి ఉంటాడు. మంచి కంపెనీవి వేయించండి, పీడా పోతుంది.

డీజిల్_డాక్టర్
కొండ దిగేటప్పుడు బ్రేక్ మీదే కాలు పెట్టి నడుపుతారా? డిస్కు బాగా కాలి ఉన్నప్పుడు నీళ్ల గుంటలో దిగితే వంకర తిరుగుతుంది. ఎన్ని కొత్తవి వేసినా నడిపే పద్ధతి మారకపోతే ఇంతే.

సున్నా_స్పీడు
బ్రేక్ వేస్తేనే కదా వణుకు. వేయడం మానేయండి, సమస్య ఒక్క రోజులో తీరిపోతుంది. బండితో సహా.

నట్టూబోల్టూ
డిస్కులు కొనడానికి పరుగెత్తకండి. మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది: కొత్తవి వేసిన రోజు బాగుంది, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక నెమ్మదిగా వచ్చింది. డిస్కు కాలి వంకరపోతే ఇలా కొద్దికొద్దిగా పెరగదు.

జరిగేది ఇది. డిస్కు హబ్ మీద (చక్రం, డిస్కు రెండూ బిగించే మధ్య భాగం) తిన్నగా కూర్చోకపోతే తిరిగేటప్పుడు కాస్త అటూ ఇటూ ఊగుతుంది. ఊగినంత మాత్రాన మొదట్లో మీకేమీ తెలియదు, ప్యాడ్లని డిస్కుకి రెండు పక్కలా నొక్కే క్యాలిపర్ కూడా దాంతోపాటు జరిగి సర్దుకుంటుంది. కానీ బ్రేక్ వేయనప్పుడు కూడా ప్రతి చుట్టులో ఆ ఎత్తు చోటు ప్యాడ్‌ని రాసుకుంటూ పోతుంది. అలా రాసుకుని రాసుకుని అక్కడ డిస్కు అరిగి పలచబడుతుంది, లేదా ప్యాడ్ల రకాన్ని బట్టి అక్కడే ప్యాడ్ మందు (దాని రాపిడి పదార్థం) పేరుకుంటుంది. ఎలా జరిగినా చివరికి డిస్కు మందం చుట్టూ ఒకేలా ఉండదు. ఇక బ్రేక్ వేసినప్పుడల్లా మందం ఉన్న చోట ప్యాడ్‌ని నొక్కే పిస్టన్ వెనక్కి, పలచటి చోట ముందుకు. మీ చేతికి తెలిసే వణుకు అదే. మందంలో 0.02 మిల్లీమీటర్ల తేడా చాలు తెలియడానికి, తల వెంట్రుక దానికంటే మూడు నాలుగు రెట్లు లావు. కంటితో చూసి "వంకర" అని చెప్పేవాళ్ళని నేను నమ్మను.

80 దగ్గరే ఎందుకంటే, మీ చక్రం చుట్టుకొలత సుమారు 1.8 మీటర్లు అనుకుంటే ఆ స్పీడులో సెకనుకి 12 చుట్లు తిరుగుతుంది. ముందు సస్పెన్షన్‌కి సహజంగా ఊగే వేగం చాలా కార్లలో ఆ చుట్టుపక్కలే ఉంటుంది. రెండూ కలిసిన చోట చిన్న కుదుపు కూడా పెద్దదై స్టీరింగ్‌లోకి వస్తుంది. స్పీడు తగ్గితే ఆ లంకె తెగిపోతుంది.

అసలు ప్రశ్న ఒకటే: కొత్త డిస్కు వేసేటప్పుడు హబ్ శుభ్రం చేశాడా?

పాతబండి_పిచ్చోడు
@నట్టూబోల్టూ శుభ్రం చేయడం నేనైతే చూడలేదు. పాతవి రాకపోతే సుత్తితో బాదాడు, వచ్చాక కొత్తవి పెట్టి నట్లు బిగించే గన్‌తో బిగించేశాడు. అరగంటలో పని అయిపోయింది.

నట్టూబోల్టూ
సుత్తితో బాదితేనే వచ్చాయంటే హబ్‌కీ డిస్కుకీ మధ్య తుప్పు బాగా పట్టిందనే. ఆ తుప్పు మీదే కొత్త డిస్కు కూర్చోబెట్టాడు. హబ్ అంచున 0.05 మి.మీ. తుప్పు పొర ఉందనుకోండి, డిస్కు అంచుకి వచ్చేసరికి అది దాదాపు రెట్టింపవుతుంది, ఎందుకంటే హబ్ చిన్నది, డిస్కు పెద్దది.

డీజిల్_డాక్టర్
ఇవన్నీ చదవడానికి బాగుంటాయి. నేను ఎన్నో బళ్ళు చూశాను, కాలి నీలం రంగు తిరిగిన డిస్కులు మార్చితే వణుకు పోయింది. వేడి వల్ల కాదంటే ఎలా?

లేత్_పని
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నేను డిస్కులు, డ్రమ్ములు లేత్ పట్టే పనిలో, అంటే మెషీన్ మీద తిప్పి పైపొర సమంగా చెక్కే పనిలో ఉన్నవాణ్ణి. వేడి వల్ల పాడయ్యే డిస్కులు ఉంటాయి, కాకపోతే అవి వంగి పాడవ్వడం అరుదు. ప్యాడ్ మందు ఒక చోట అంటుకుపోతుంది, ఆ మచ్చ మిగతా చోటు కంటే ఎక్కువ వేడెక్కుతుంది, 650-700 డిగ్రీలు దాటితే కింద ఉన్న పోత ఇనుము గట్టిపడి సిమెంటైట్ అనే పదార్థంగా మారుతుంది. లేత్ మీద పెడితే పనిముట్టు అక్కడికి రాగానే టక్‌మని ఎగిరిపడుతుంది, చెవికే తెలుస్తుంది. పైన తీసేసినా లోపల గట్టి మచ్చ అలాగే ఉంటుంది, కొన్నాళ్ళకి చుట్టూ అరిగి అదొక్కటే బొడిపెలా మిగులుతుంది. అలాంటి డిస్కుని నేను వెనక్కి పంపేస్తాను.

కానీ నా దగ్గరకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం కాలినవి కావు. వెనక తిప్పి చూస్తే హబ్‌కి ఆనుకునే ముఖం మీద తుప్పు గుండ్రంగా అచ్చు పడి ఉంటుంది, ఒక పక్క దట్టంగా, ఇంకో పక్క అసలు లేకుండా. నేను ఇక్కడ సమంగా తీసి ఇస్తాను, ఆయన తీసుకెళ్ళి మళ్ళీ అదే తుప్పు మీద బిగిస్తాడు, కొన్నాళ్ళకి తిరిగొచ్చి లేత్ సరిగా పట్టలేదంటాడు.

సున్నా_స్పీడు
అందరి పాపం లేత్ మీదే.

టాపుగేరు
అయితే కొత్తవి కొనకుండా లేత్ పట్టిస్తే చాలంటారా?

లేత్_పని
మందం ఉంటే చాలు. డిస్కు అంచునో మధ్య గిన్నె మీదో కనిష్ఠ మందం చెక్కి ఉంటుంది. కొత్తది 22 మి.మీ. ఉంటే కనిష్ఠం 20, అలా. లేత్ పట్టాక కూడా దానికంటే పైన ఉండాలి, అరగడానికి కాస్త మిగలాలి. అంచు దగ్గర ఎత్తుగా గట్టు ఉంటుంది, దాని మీద కొలిస్తే తప్పు లెక్క వస్తుంది, ప్యాడ్ తిరిగే చోటే కొలవాలి. బండి మీద ఉండగానే డిస్కుని లేత్ పట్టే మెషీన్లు కూడా ఉన్నాయి, దొరికితే అదే మేలు, హబ్‌లో ఉన్న కొద్దిపాటి తేడా కూడా అందులోనే సరిపోతుంది.

హ్యాండ్‌బ్రేక్
అందరూ ముందు చక్రాల మీదే పడ్డారు, వెనక డ్రమ్ములు ఏం పాపం చేశాయి? నా బండికి రెండుసార్లు ముందు డిస్కులు మార్పించి చివరికి చూస్తే వెనక డ్రమ్ము గుండ్రం తప్పింది. ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డు మీద 40లో వెళ్తూ, హ్యాండ్‌బ్రేక్ బటన్ నొక్కి పట్టుకునే మెల్లగా లాగి చూడండి. బటన్ వదలొద్దు, వదిలితే లాక్ పడుతుంది. కాలి బ్రేక్ లేకుండానే కుదుపు వస్తే తేడా వెనకే. వాన రోడ్డు మీద మాత్రం చేయకండి.

నట్టూబోల్టూ
మంచి మాట. అయితే ఇది తీగతో లాగే హ్యాండ్‌బ్రేక్‌కే. స్విచ్ నొక్కితే పడే ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ ఉన్న బళ్ళలో ఈ పని చేయొద్దు. వెనక డిస్కు ఉండి దాని మధ్యలో హ్యాండ్‌బ్రేక్‌కి విడిగా చిన్న డ్రమ్ము ఉండే కార్లున్నాయి, వాటిలో ఈ పరీక్ష వెనక డిస్కు గురించి ఏమీ చెప్పదు. ఇంకో గుర్తు, స్టీరింగ్ చక్రం వణికితే ఎక్కువగా ముందు, సీటు కింద అదిరితే ఎక్కువగా వెనక. పెడల్ రెండింటికీ కొడుతుంది.

వెనకసీటు_డ్రైవర్
మాకు ఇలాగే అయింది కానీ కారణం వేరు. బ్రేక్ వేస్తే వణుకు, దాంతోపాటు బండి కొంచెం ఎడమకి లాగేది. మా తమ్ముడు క్యాలిపర్ విప్పి చూస్తే జారాల్సిన పిన్నుల్లో ఒకటి బిగుసుకుపోయింది. లోపలి ప్యాడ్ ఇనుము దాకా అరిగింది, బయటిది దాదాపు కొత్తగా ఉంది. బండి దిగి చక్రాల దగ్గర చెయ్యి పెడితే ఆ ఒక్క చక్రం సెగ కొట్టేది, అది ముందే గమనించి ఉండాల్సింది మెకానిక్.

ఆదివారం_మెకానిక్
@వెనకసీటు_డ్రైవర్ ఆ పిన్నులకి ఏ గ్రీజు పెట్టారు? చేతికి దొరికిన బేరింగ్ గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బి మళ్ళీ బిగుసుకుంటుంది. సిలికాన్ రకం బ్రేక్ గ్రీజే పెట్టాలి. ఇంకోటి, కొన్ని క్యాలిపర్లలో రెండు పిన్నులు ఒకలా ఉండవు, ఒకదానికి చివర రబ్బరు తొడుగు ఉంటుంది. ఏది పైన ఉందో ఏది కింద ఉందో విప్పేటప్పుడే ఫోటో తీసుకోండి.

వెనకసీటు_డ్రైవర్
బ్రేక్ గ్రీజే అండి. ఫోటో తీయలేదు, తమ్ముడికి మతిమరుపు లేదు కాబట్టి బతికిపోయాం.

టాపుగేరు
బ్రేక్ ఆయిల్ మార్పిస్తే?

ఆదివారం_మెకానిక్
ఆయిల్‌కీ వణుకుకీ సంబంధం లేదు. ఆయిల్ నీరు పీల్చుకుని పాతబడితే పెడల్ మెత్తబడుతుంది, వేడికి ఆవిరి పట్టి అసలు బ్రేకే పడదు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీరు చేరితే 155 దాకా పడిపోవచ్చు. మార్చడం మంచిదే, ఈ జబ్బుకి మందు మాత్రం అది కాదు.

పాతబండి_పిచ్చోడు
హ్యాండ్‌బ్రేక్ పరీక్ష చేశా. ఏ కుదుపూ లేదు, మెత్తగా ఆగింది. కాబట్టి ముందే. బండి ఒక పక్కకి లాగడం లేదు, రెండు చక్రాల వేడి కూడా ఇంచుమించు ఒకేలా ఉంది. నా స్నేహితుడి దగ్గర ఊగుడు కొలిచే డయల్ గేజ్, మందం కొలిచే మైక్రోమీటర్ రెండూ ఉన్నాయి, ఈ ఆదివారం విప్పుదామంటున్నాడు. ఏం కొలవాలో వరసగా చెప్తారా?

నట్టూబోల్టూ
ముందు చక్రం ఎత్తి కింద స్టాండు పెట్టండి, ఒక్క జాకీ మీద నమ్మకం పెట్టుకుని చక్రం విప్పొద్దు. విప్పేముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకమని ఆడితే బేరింగో బాల్ జాయింటో పోయింది, అది తేల్చకుండా గేజ్ పెట్టడం దండగ.

చక్రం తీశాక డిస్కుని పట్టి ఉంచేది ఒక చిన్న స్క్రూ మాత్రమే, కొన్నిటికి అదీ ఉండదు. అలాగే కొలిస్తే డిస్కు వదులుగా ఊగి అబద్ధం చెబుతుంది. వీల్ నట్లకి వాషర్లు వేసి డిస్కుని హబ్‌కి గట్టిగా బిగించాకే కొలవండి. గేజ్ మొనని బయటి అంచుకి ఒక సెంటీమీటరు లోపల ఆనించి, డిస్కుని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పండి. ముల్లు ఎంత నుంచి ఎంతకి వెళ్ళిందో ఆ తేడా రాసుకోండి. పరిమితి మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, చాలా కార్లకి 0.05 నుంచి 0.1 మి.మీ. మధ్యలో. తర్వాత మైక్రోమీటర్‌తో చుట్టూ ఎనిమిది చోట్ల మందం. తీసే ముందు డిస్కు మీదా హబ్ మీదా ఎదురెదురుగా మార్కర్‌తో గీత పెట్టండి, ఇది మర్చిపోకండి.

ఆదివారం_మెకానిక్
క్యాలిపర్‌ని హోస్ మీద వేలాడదీయొద్దు, తీగతో స్ప్రింగుకి కట్టండి. బ్రేక్ దుమ్ముని నోటితోనో గాలిపంపుతోనో ఊదకండి, పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిగుడ్డతో తుడవండి. డిస్కు రాకపోతే సుత్తి ఎత్తకముందు డిస్కు మధ్య భాగంలో మర ఉన్న రెండు రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. చాలా డిస్కులకి ఉంటాయి. వాటిలో సరిపోయే బోల్టులు ఎక్కించి చెరి కాస్త బిగిస్తూ పోతే డిస్కు దానంతటదే పైకి లేచొస్తుంది.

సున్నా_స్పీడు
ఆ రంధ్రాలు గాలి ఆడటానికి పెట్టారనుకున్నా ఇన్నాళ్ళూ.

పాతబండి_పిచ్చోడు
విప్పాం. ఎడమ డిస్కు ఊగుడు 0.14, కుడిది 0.08. మందం ఎడమ వైపు ఎక్కువలో ఎక్కువ 21.31, తక్కువలో తక్కువ 21.28, అంటే 0.03 తేడా. కుడి వైపు 0.01. బేరింగులు బాగున్నాయి, ఆట లేదు.

ఎడమ డిస్కు తీసి చూస్తే లేత్_పని గారు రాసింది అచ్చు గుద్దినట్టు ఉంది. హబ్ మీద ఒక పక్క చంద్రవంకలా నల్లటి తుప్పు పెచ్చు, గోటితో గీకితే రాలేదు, ఉలితో కొడితే ఒక బిళ్ళలా ఊడి వచ్చింది. మిగతా ముఖం మెరుస్తోంది. స్టడ్ల (చక్రం నట్లు ఎక్కే బోల్టులు) మొదళ్ళ చుట్టూ ఇంకా ఉంది, అక్కడికి బ్రష్ పోవడం లేదు. ఏం చేయాలి?

నట్టూబోల్టూ
స్టడ్ చుట్టూ ఉన్నదే అసలు దొంగ, సరిగ్గా నట్టు నొక్కే చోటు అది. స్టడ్ మీద తొడిగేంత చిన్న గొట్టం ఒకటి తీసుకుని, దాని చివర గుండ్రంగా కత్తిరించిన ఎమరీ పేపర్ అంటించి తిప్పండి. మధ్యలో డిస్కు కూర్చునే గట్టు కూడా శుభ్రం చేయండి. గ్రైండర్ మాత్రం పెట్టొద్దు, ఇనుము తినేస్తే ఇక హబ్బే మార్చాలి. తుప్పు పోయాక ఖాళీ హబ్ ముఖం మీదా గేజ్ పెట్టండి, అది 0.02-0.03 లోపు వస్తే హబ్ నిక్షేపంగా ఉన్నట్టే.

పాతబండి_పిచ్చోడు
హబ్ 0.02 వచ్చింది. అదే పాత డిస్కు మళ్ళీ పెడితే ఊగుడు 0.14 నుంచి 0.07కి దిగింది. ఒక్క తుప్పు పెచ్చుకి ఇంత తేడానా!

లేత్_పని
ఇప్పుడు డిస్కుని ఒక రంధ్రం పక్కకి తిప్పి పెట్టి మళ్ళీ కొలవండి. అలా ఒక్కో రంధ్రం జరుపుతూ ఎక్కడ తక్కువ వస్తే అక్కడ గీత మార్చుకోండి. హబ్‌లో ఉన్న కొద్ది తేడా, డిస్కులో ఉన్న కొద్ది తేడా ఒక చోట కలుస్తాయి, ఇంకో చోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. స్క్రూ ఉన్న డిస్కులకి ఈ వీలు ఉండదు, ఒకే చోట కూర్చుంటాయి.

పాతబండి_పిచ్చోడు
స్క్రూ లేదు, నాలుగు స్టడ్లే. మూడో చోట 0.04 వచ్చింది! కానీ మందంలో తేడా అలాగే ఉంది కదా, దానికేం చేయాలి? కనిష్ఠం 20 అని ఉంది.

లేత్_పని
21.28 ఉంది కాబట్టి చక్కగా లేత్ పట్టించొచ్చు. రెండు డిస్కులూ పట్టించండి, ఒక్కటి కాదు. పట్టే మనిషికి ముందే చెప్పండి, బిగించే ముందు డిస్కు మధ్య ముఖం రెండు వైపులా తుడిచి శుభ్రం చేయమని. అక్కడ కూడా తుప్పు ఉంటే లేత్ మీదా వంకరగానే కూర్చుంటుంది. ప్యాడ్ల ముఖం సన్నటి గరుకు కాగితం మీద రుద్దండి, గాజులా మెరిసే పొర పోవాలి. ఎడమ ప్యాడ్లు ఏటవాలుగా అరిగితే కొత్తవి వేసేయండి, అదీ రెండు వైపులా.

డీజిల్_డాక్టర్
సరే, తుప్పు సంగతి ఒప్పుకున్నా. కానీ గన్‌తో బిగించిన మాట ఎవరూ పట్టించుకోలేదు. నా దృష్టిలో సగం డిస్కులు పాడయ్యేది అక్కడే.

నట్టూబోల్టూ
దీనికి మీతో గొడవే లేదు. ఒక నట్టు విపరీతంగా, పక్కది మామూలుగా బిగిస్తే డిస్కు మధ్య భాగం లాగబడి ఊగుడు వస్తుంది. చేత్తో, ఒకదాని తర్వాత దాని ఎదురుది, రెండు మూడు విడతల్లో బిగించాలి. చివర టార్క్ రెంచ్ (ఎంత బిగువో కొలిచి బిగించే రెంచ్). చిన్న కార్లకి 90 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ బండికెంతో మాన్యువల్ చూడండి. స్టడ్‌కి ఆయిల్ పూయొద్దు, పూస్తే అదే టార్క్‌కి అసలుకంటే ఎక్కువ బిగుసుకుంటుంది.

టాపుగేరు
టార్క్ రెంచ్ అంటే మరీ చాదస్తం. మా నాన్న కాలితో తొక్కి బిగించేవాడు, ఏ బండికీ ఏమీ కాలేదు.

సున్నా_స్పీడు
మీ నాన్నగారి కాలు ఎన్ని న్యూటన్ మీటర్లో కనుక్కుని చెప్పండి, అందరం వాడుకుంటాం.

పాతబండి_పిచ్చోడు
లేత్ పట్టించి, కొత్త ప్యాడ్లు వేసి, టార్క్ రెంచ్‌తో బిగించాం. వణుకు తొంభై పాళ్ళు పోయింది. ఇంకా 90 దగ్గర మెల్లగా బ్రేక్ వేస్తే స్టీరింగ్‌లో చిన్న జలదరింపు ఉంది. గేజ్ మళ్ళీ పెట్టా, రెండు వైపులా 0.04 లోపే. ప్యాడ్లు సర్దుకోక ఇలా ఉంటుందా?

ఆదివారం_మెకానిక్
ప్యాడ్లని డిస్కుకి సర్దుకునేలా బెడ్డింగ్ చేశారా? ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 15కి ఓ మోస్తరు గట్టిగా తగ్గించండి, పూర్తిగా ఆపొద్దు, మళ్ళీ వేగం అందుకోండి. ఇలా ఓ పదిసార్లు చేసి, తర్వాత బ్రేక్ వాడకుండా కొంత దూరం నడిపి చల్లారనివ్వండి. వేడి మీద ఉన్నప్పుడు బండి ఆపి పెడల్ నొక్కి పట్టుకుంటే ప్యాడ్ ముద్ర డిస్కు మీద పడుతుంది, అక్కడినుంచి మళ్ళీ కథ మొదలు. కొత్త డిస్కు వేస్తే దాని మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ముందు బ్రేక్ క్లీనర్‌తో కడగాలి, చాలామంది ఇది వదిలేస్తారు.

హ్యాండ్‌బ్రేక్
లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద బండికి కలిపే చెయ్యి) బుష్‌లు, అంటే దాని రబ్బరు కీళ్ళు, చూశారా? పదిహేనేళ్ళ బండికి అవి ఒరిజినల్వే అయితే ఈపాటికి చిరిగి ఉంటాయి. వెనక బుష్‌లో సందున ప్రై బార్ పెట్టి ఊపితే రబ్బరు పగులు కనిపిస్తుంది. స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టైరాడ్ ఎండ్లు కూడా. అవి వణుకు పుట్టించవు కానీ ఉన్న కొంచెం వణుకునీ పెంచి చేతికి అందిస్తాయి. బుష్ గట్టిగా ఉన్న బండిలో 0.02 తేడా ఉన్నా డ్రైవర్‌కి తెలియకపోవచ్చు.

పాతబండి_పిచ్చోడు
@హ్యాండ్‌బ్రేక్ సరిగ్గా అదే. ఎడమ ఆర్మ్ వెనక బుష్ రబ్బరు మధ్య గొట్టం నుంచి సగానికి పైగా విడిపోయి ఉంది, బ్రేక్ వేస్తే చక్రం మొత్తం వెనక్కి జరుగుతోంది. రెండు వైపులా ఆర్మ్‌లే మార్పించా, తర్వాత అలైన్‌మెంట్. ఇప్పుడు 100 నుంచి వేలితో పట్టుకుని ఆపినా స్టీరింగ్ కదలడం లేదు. మెకానిక్‌కి ఆ తుప్పు బిళ్ళ చూపించా, "ఇంత చిన్నదా సార్" అన్నాడు.

స్టెప్నీ
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది బ్రేక్ వేసినా వేయకపోయినా 90 దగ్గర వణుకు. కొత్త అల్లాయ్ చక్రాలు వేయించినప్పటి నుంచీ. ఇది కూడా డిస్కేనా?

నట్టూబోల్టూ
బ్రేక్ లేకుండా కూడా వస్తే డిస్కుని వదిలేయండి. కంపెనీతో రాని అల్లాయ్‌లకి మధ్య రంధ్రం తరచూ హబ్ కంటే పెద్దగా ఉంటుంది, ఆ సందు నింపడానికి ఒక రింగు వేయాలి. అది లేకపోతే చక్రం నట్ల మీదే ఆధారపడి, ఒక వెంట్రుక పక్కకి కూర్చుంటుంది. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద బాగానే చూపిస్తుంది, ఎందుకంటే అక్కడ కోను మధ్యకి లాగుతుంది. చక్రం తీసి రింగు ఉందో లేదో చూసి చెప్పండి. నట్లు కూడా ఆ అల్లాయ్ గుంటకి సరిపోయేవేనా చూడండి, కోను గుంటలో గుండ్రం తలవి బిగిస్తే సరిగా కూర్చోవు, వదులయ్యే ప్రమాదం ఉంది.

స్టెప్నీ
రింగు లేదండి. అడిగితే "అవసరం లేదు" అన్నారట అప్పుడు చక్రాలు వేసినవాళ్ళు. నట్లు కోనువే, సరిపోయాయి.

నట్టూబోల్టూ
హబ్ బయటి కొలత, చక్రం రంధ్రం కొలత రెండూ వెర్నియర్‌తో తీసుకుని ఆ సైజు రింగులు నాలుగు తెప్పించుకోండి. పెట్టే ముందు హబ్ తుప్పు గీకండి.